కుర్చీ కాలికి పసుపు

నలుపు అశుభమట. ఈ మాట అనే ఆడవాళ్ళ మెడల్లో నల్లపూసలు ఎందుకున్నాయో ముందు చెప్పాలి. పెళ్ళికూతురి బుగ్గ మీద పెట్టే చుక్క ఏ రంగు? పురిటిబిడ్డ అరికాలికి పెట్టే దిష్టిచుక్క ఏ రంగు? వీళ్ళు కళ్ళకు దిద్దుకునే కాటుక ఏమన్నా గులాబి రంగులో ఉంటుందా? అక్కడంతా మంచిదైన నలుపు మా షెడ్డులో కుర్చీకి పూయగానే చెడ్డదైపోయింది. ఎట్లా అయిందో నేను చాలామందిని అడిగాను. అది వేరు, ఇది వేరు అన్నారు తప్ప ఏది ఎందుకు వేరో ఒక్కరూ విప్పి చెప్పలేదు. చెప్పడానికి ఏమన్నా ఉంటే కదా.

నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఉండనీ. ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళ వల్ల ఎవరి కొంపా మునగలేదు. మెత్తగా మాట్లాడుతూ, నవ్వుతూ, పెళ్ళిపత్రిక చేతిలో పెట్టి కొంపలు ముంచేవాళ్ళను నేను చూశాను. ఇప్పుడు రాస్తున్నది వాళ్ళ గురించే.

ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. వాడు మీసం సరిగా రాకముందే గల్ఫ్ పోయాడు. అక్కడ కార్ల బంపర్లకు రంగు వేసే కంపెనీలో చేరాడు. ఆర్మూర్‌కు సెలవు మీద వస్తూ పోతూ ఉన్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ బోర్లా పడటం, పాకటం, నడవటం, పలక మీద అక్షరం దిద్దటం అన్నీ ఫోనులోనే చూశాడు. చివరికి ఒకసారి వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని, "ఇగ పోనక్కా. బిడ్డ పెద్దగైతున్నది. ఈడ్నే ఏదన్న చేస్త" అన్నాడు. నేను ఆ మాట కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో నాకే తెలుసు. వాడు అన్నది పొద్దున అయితే, మధ్యాహ్నానికల్లా ఊళ్ళో సగంమందికి చెప్పేశాను.

వేల్పూర్ రోడ్డు మీద, పసుపు పాలిష్ చేసే కళ్ళం పక్కన షెడ్డు పెట్టాడు. మూడు పక్కల గోడ, పైన రేకులు, లోపల రంగు కొట్టడానికి ఒక గది. పంట కాలంలో పక్కన డ్రమ్ములు గడగడమని తిరుగుతుంటే పసుపు దుమ్ము లేచి మా మీదికి వచ్చేది. తడి దుప్పట్లు కట్టి ఆపేవాళ్ళం. నేను కూడా వాడితో పనిలో దిగాను. అంతకుముందు బీడీలు చుట్టేదాన్ని. ఆకు కత్తిరించి కత్తిరించి కాయలు కాచిన వేళ్ళకు ఎమరీ పేపరు ఒక లెక్కా? వస్తువును గీకి, తుడిచి, అంచులకు కాగితం అంటించి ఇవ్వడం నా పని. షెడ్డు నడిస్తే వాడు ఇక్కడ ఉంటాడు, నడవకపోతే మళ్ళీ పోతాడు. ఈ సంగతి మా ఇంట్లో పైకి ఎవరూ అనేవాళ్ళు కాదు, కానీ బోణీ అయిన ప్రతిసారీ మా మరదలు ముఖం చూస్తే తెలిసేది.

వాడు నేర్చుకొచ్చింది మామూలుగా రంగులు కొట్టే పని కాదు. మామూలు గన్నుతో కొడితే రంగు కొంత వస్తువు మీద పడుతుంది, కొంత గాలికి పోతుంది. వీడి గన్ను రంగు చుక్కలకు కరెంటు ఎక్కించి వదులుతుంది. అవతల వస్తువుకు ఒక క్లిప్పు తగిలించి, దాని వైరును భూమిలో పాతిన కడ్డీకి కడతారు. కరెంటెక్కిన చుక్క భూమిని వెతుక్కుంటూ తనంతట తాను వస్తువు మీదికి పోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు వాడు ఒక ఇనుప గొట్టానికి ముందువైపు మాత్రమే కొట్టాడు. తిప్పి చూస్తే వెనక కూడా రంగుంది. మా తమ్ముడు చిన్నప్పుడు సంతలో గారడీ చూసి వచ్చి నాకు చెప్పేవాడు. ఆరోజు వాడే నాకు చూపించినట్టు అనిపించింది.

ఇనుముకైతే బాధ లేదు. చిక్కంతా ఫైబరుతో, ప్లాస్టిక్కుతో. వాటిలో కరెంటు పారదు. వచ్చిన కరెంటు పోయే దారి లేక మీదనే కూర్చుంటుంది. ముందొచ్చిన చుట్టాలు లేవకపోతే తర్వాత వచ్చినవాళ్ళు గడపలోంచే తిరిగిపోయినట్టు, వెనక వచ్చే రంగు వస్తువు మీద పడకుండా గన్ను పట్టుకున్న మనిషి మీదికే తిరిగి వస్తుంది. అందుకని ముందుగా కరెంటు పారే ప్రైమరు ఒకటి పూస్తారు. అది ఆరాక ఫైబరు కూడా ఇనుములాగే కరెంటును క్లిప్పు దాకా తీసుకుపోతుంది. క్లిప్పు పళ్ళు మాత్రం ఆ పూతను గట్టిగా కరిచి ఉండాలి. మధ్యలో ఏది అడ్డం వచ్చినా పని చెడుతుంది, మనిషికి కూడా ప్రమాదం. ఆ ప్రైమరులో కార్బన్ పొడి ఉంటుంది కాబట్టి నల్లగా ఉంటుంది. ఇదే మా నలుపు. ఇంతకుమించి దానిలో చేతబడి ఏమీ లేదు.

మొదట ట్రాక్టర్ల ఫైబరు టాపులు వచ్చాయి. తర్వాత కార్ల బంపర్లు. చేసిన పని చూసి ఒకరు ఇంకొకరికి చెప్పుకున్నారు. అట్లా ఒకరోజు ఫంక్షన్ హాలు యజమాని మా షెడ్డుకు వచ్చాడు. పసుపు, మక్క పండించే పెద్ద రైతు. ఊళ్ళో అందరూ పటేలు అంటారు, నేనూ అట్లే అంటాను. ఆయన కూతురి పెళ్ళి దగ్గర పడింది. సొంత హాల్లోనే పెళ్ళి. స్టేజీ మీదికి రెండు ఫైబరు సింహాసనాలు చేయించాడు. చేతులు పెట్టేచోట ఏనుగు తలలు, వెన్ను మీద నెమళ్ళు, సందు సందునా తీగలు, పూలు. మామూలు గన్నుతో ఆ సందుల్లోకి రంగు పోదు. పాలలాగా తెల్లగా రావాలి, అంచులకు బంగారు రంగు కావాలి అన్నాడు. ఇవి బాగా వస్తే నవీపేట్ దాకా ఏ హాలువాళ్ళు అడిగినా నీ పేరే చెప్తానని మా తమ్ముడి భుజం మీద చెయ్యేశాడు.

ఆ చెయ్యి సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆరోజు మా తమ్ముడు ఇంటికి పోయి బిడ్డకు సైకిలు కొనిస్తానని మాటిచ్చాడు. ఇక్కడ ఉండేవాడు మాత్రమే బిడ్డకు సైకిలు నేర్పిస్తాడు. మా మరదలు నాకు ఫోను చేసి ఈ ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

కుర్చీలను నేను వేళ్ళు మొద్దుబారేదాకా గీకాను. వాడు ప్రైమరు పూశాడు. రెండు కుర్చీలూ నల్లగా, మెరుపు లేకుండా, షెడ్డు మధ్యలో ఆరుతున్నాయి. సరిగ్గా అప్పుడే పటేలు తల్లి వచ్చింది. ముసలావిడ, చాలా మంచిది. ఇది వెటకారం కాదు, నిజంగానే మంచిది. మా అమ్మ దవాఖానలో ఉన్నప్పుడు రోజూ జావ పంపింది. మనుమరాలి పెళ్ళి కుర్చీలు చూసిపోదామని ఆటోలో వచ్చింది. లోపలికి అడుగుపెట్టి, కుర్చీలను చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"గిదేంది బిడ్డా, బొగ్గుల కుప్ప లెక్క జేసిండ్రు?" అంది.

మా తమ్ముడు ఆమెకు స్టూలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, ఇది లోపలి పూత అని, దీని మీద తెలుపు వస్తుందని, ఒక్క చుక్క నలుపు కూడా కనిపించదని ఓపికగా చెప్పాడు. ఆమె అంతా విన్నది.

"కనవడకపోతే లేనట్టా? నా మనుమరాలు కూసునేది దాని మీదనే గద" అంది.

నాకు అప్పుడే నోటి చివరికి వచ్చింది, నీ మనుమరాలి మెడలో రేపు నల్లపూసలు కట్టరా అవ్వా అని. మా తమ్ముడు నా వైపు చూసి కళ్ళతోనే వద్దన్నాడు. వాడెప్పుడూ అంతే. నోట్లో నాలుక లేనివాడు. ఆ నాలుక కూడా భగవంతుడు నాకే ఇచ్చినట్టున్నాడు. వాడు వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నాను.

తర్వాత పటేలు ఫోను చేశాడు. నలుపు లేకుండా చేయరాదా అని అడిగాడు. లేత రంగులో కూడా అట్లాంటి ప్రైమరు దొరుకుతుందని, అయితే దూరం నుంచి తెప్పించాలని, పెళ్ళి లోపల రాదని తమ్ముడు చెప్పాడు. పటేలు, సరే కానీయ్, మా అమ్మకు మాత్రం మళ్ళీ కనబడనీయకు అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం వియ్యంకుడితో కలిసి వస్తానని, ఆ గల్ఫ్ గన్ను పని ఆయనకు చూపిస్తానని కూడా అన్నాడు. కొత్త వియ్యంకుడి ముందు గొప్ప చూపించుకోవాలి కదా.

ఆదివారం పొద్దున మేం కుర్చీలను రంగు గదిలోకి చేర్చి మెత్తటి గుడ్డతో తుడిచాం. తమ్ముడు ముందు రంగు కొట్టాల్సిన కుర్చీ కాలికి క్లిప్పు బిగించి, కరెంటు పారుతున్నదో లేదో మీటరుతో నెమలి తల దగ్గర ఒకసారి, ఏనుగు తొండం దగ్గర ఒకసారి చూసుకున్నాడు. అంతా బాగుంది. వాళ్ళు రావడానికి ఇంకా టైముంది కాబట్టి ఇంటికి అన్నానికి పోయాం. మా మరదలు అంకాపూర్ తీరుగా నాటుకోడి కూర వండింది. బిడ్డ తండ్రి ఒళ్ళో కూర్చుని ఎముకలు పీకించుకుని తిన్నది. అంత సంతోషంగా మా ఇంట్లో అందరం కలిసి తినడం అదే ఆఖరుసారి అవుతుందని అప్పుడు నాకు తెలియదు.

తిరిగి వచ్చి చూస్తే కుర్చీల కాళ్ళకు పసుపు. రెండింటి కాళ్ళన్నిటికీ గడపకు రాసినట్టు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ఎవరు చేశారో అడగక్కర్లేదు. మాకు నవ్వొచ్చింది కూడా. తలుపు లేని షెడ్డు, ఎవరైనా రావచ్చు. పెద్దావిడ తన మనసుకు తృప్తి చేసుకుని పోయింది, మంచిదే అన్నాడు తమ్ముడు. గుడ్డను థిన్నరులో తడిపి కాళ్ళన్నీ తుడిచాడు. క్లిప్పు ఉన్న కాలిని క్లిప్పు చుట్టూ తుడిచాడు. దాన్ని కదపలేదు. పొద్దున తన చేత్తో బిగించి, మీటరుతో చూసుకున్నదే కదా.

పటేలు, వియ్యంకుడు వచ్చి గది బయట నిలబడ్డారు. తమ్ముడు ముఖానికి మాస్కు పెట్టుకుని గన్ను ఎత్తాడు. మొదటి విడతకు రంగు బాగానే పడినట్టు కనిపించింది. తర్వాత చూస్తుండగానే తెల్లటి పొగలాగా లేచి వెనక్కి తిరిగింది. కుర్చీ మీద కంటే మా తమ్ముడి మీదే ఎక్కువ పడింది. చేతులు, మాస్కు, చొక్కా అన్నీ తెల్లబడ్డాయి. వియ్యంకుడు కిసుక్కున నవ్వాడు. తమ్ముడు గన్ను ఆపి పక్కన పెట్టి, క్లిప్పు వదులైందేమోనని వంగి చెయ్యి చాపాడు. చిటుక్కుమని చప్పుడు, నీలంగా ఒక మెరుపు. వాడి చెయ్యి ఎవరో కొట్టినట్టు వెనక్కి పోయింది. గోడకు గుద్దుకుని కింద కూలబడ్డాడు. గన్ను ఆపినా కుర్చీలో నిలిచిన కరెంటు ఎక్కడికీ పోలేదు, అది వాడి చేతి గుండా పోయింది. గదినిండా థిన్నరు వాసన ఉంది. అట్లాంటి చోట ఒక్క నిప్పురవ్వ ఎంత చేయగలదో వాడు గల్ఫ్‌లో కళ్ళారా చూశాడట. గాలి లాగే పెద్ద ఫ్యాను నడుస్తున్నది కాబట్టి బతికిపోయాం అని తర్వాత ఒక్కసారే అన్నాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను లోపలికి పరుగెత్తి వాడిని పట్టుకున్నాను. బయట ఉన్న ఇద్దరిలో ఒక్కడైనా దెబ్బ తగిలిందా అని అడగాలా వద్దా? మనిషన్నవాడు అడగాలా వద్దా?

"మా కోడలిని గీ కరెంటు కుర్చీ మీద కూసవెడ్తరా బావా?" అన్నాడు వియ్యంకుడు.

మా తమ్ముడు ఇంకా నేల మీద నుంచి లేవనే లేదు. పటేలు అప్పటికే జవాబు వెతుక్కున్నాడు. అందుకే మా అమ్మ నలుపు వద్దన్నది, మేమే వినలేదు అన్నాడు. రెండు ముక్కల్లో తప్పంతా నలుపు మీదికి, ఆ నలుపు పూసిన చేతి మీదికి నెట్టేసి, వియ్యంకుణ్ణి కారులో ఎక్కించుకుని పోయాడు.

వాళ్ళు పోయాక తమ్ముడు కరెంటంతా ఆపి, భూమికి కట్టిన వైరు ఒకటి కుర్చీకి తాకించి, ఇప్పుడు ముట్టుకోవచ్చు అన్నాడు. మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నేను క్లిప్పు తీశాను. పళ్ళ సందుల నిండా పసుపు. దాని కింద, కాలి మీద, వేలిమందం పసుపు. మామూలుగా నీళ్ళలో తడిపింది కాదు, నలుగు పెట్టినట్టు నూనె పోసి ముద్దగా కలిపింది. మా తమ్ముడు పూసిన పూతకు, క్లిప్పుకు మధ్య ఆ ముద్ద అడ్డం పడింది. పక్క కళ్ళంలో పసుపు ఏరే ఆమెను అడిగితే దాచకుండా చెప్పింది. అవ్వ వచ్చిందట. కాళ్ళకు పసుపు రాసుకుంటూ వస్తే ఒక కాలికి ఇనుప పట్టకారు ఉందట. దాన్ని తీసి, కాలికి నిండుగా రాసి, పాపం మీ వస్తువు పోవద్దని మళ్ళీ ఎక్కడిదక్కడ జాగ్రత్తగా పెట్టిందట.

ఎంత జాగ్రత్తో చూడండి.

నాకు ఆమె మీద కోపం రాలేదు. పసుపు తిని, పసుపు అమ్ముకుని, పసుపు మీదనే బతికే ఊరు మాది. గడపకు, రోలుకు, కొత్త బండికి, పుట్టిన బిడ్డకు, పోయిన మనిషికి అన్నిటికీ ముందు పసుపే. కుర్చీ కాలికి రాయడం తప్పని ఆమె ఎట్లా అనుకుంటుంది? ఆమెకు తెలియదు. తెలిసినవాళ్ళ మీదే నా కోపం.

మర్నాడు పొద్దున్నే ఆ క్లిప్పు పట్టుకుని పటేలు దగ్గరికి పోయాను. తుడవలేదు, పసుపు ఉన్నది ఉన్నట్టే తీసుకుపోయాను. హాలు వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. నేను తాగలేదు. ఎట్లా జరిగిందో చెప్పాను. ఆయన చదువుకున్న మనిషి, పొలంలో మోటర్లు నడిపించే మనిషి. ఎర్తు అంటే ఏమిటో ఆయనకు నేను చెప్పాలా? క్లిప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. అర్థమైంది. అర్థమైనట్టు ఆయన ముఖమే చెప్పింది.

"నువ్వు చెప్పేది నిజమేనమ్మా. గని పెండ్లి ఇల్లు గిది. అవ్వ పసుపు రాస్తే కీడైందన్న మాట బయటికి పోతే ఎట్లుంటది? జర ఇడిచిపెట్టు. మా అమ్మ చెవుల గూడ వడనీయకు" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అంటే ఏమిటి? పెళ్ళి ఇంటి మీదికి మాట రాకూడదు, వచ్చేది మా ఇంటి మీదికి రావచ్చు. ఆయన తల్లి మనసు నొచ్చుకోకూడదు, నా తమ్ముడి బతుకు నుజ్జయినా ఫరవాలేదు. నేను లేచి నిలబడి ఈ మాటే అడిగాను. నా తమ్ముడి తప్పు లేదని ఆ వియ్యంకుడి ముందు ఒక్క మాట చెప్పమన్నాను. పెళ్ళయ్యాక చెప్తానన్నాడు. పెళ్ళయ్యాక ఎవరికి కావాలి? అప్పటికి ఊరంతా తిరగాల్సిన మాట తిరిగేసి ఉంటుంది.

ఇంటికి వచ్చి తమ్ముడికి చెబితే వాడు ఇంకా గొప్పవాడు. పోనీయక్కా, ముసలామె మనుమరాలి పెళ్ళి నాడు బాధపడుతుంది అన్నాడు. మోచెయ్యి ఇంకా సరిగా లేవడం లేదు, ఆ చేత్తోనే బిడ్డ జడ దువ్వుతున్నాడు. ఆరోజు వాడిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? వాడు మెత్తగా ఉండబట్టే కదా అందరూ మొత్తారు.

మాట తిరిగింది. తిరగడం అంటే అట్లా ఇట్లా కాదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆ షెడ్డులో రంగు వేయిస్తే వస్తువు షాకు కొడుతుందన్నారు. వానలో తడిస్తే బంపరులో కరెంటు లేస్తుందన్నారు. ఆ నల్లమందులో ఏదో ఉందన్నారు. ఏర్గట్ల నుంచి ఒకాయన ట్రాక్టరు టాపు ఇచ్చి ఉన్నాడు. దానికి పని పూర్తయింది కూడా. ఒక ఎండుకట్టె తెచ్చుకుని, దానితో ముట్టి చూసి, అప్పుడు తీసుకుపోయాడు. నా కళ్ళముందే. నేను పోయి ఆ టాపు మీద రెండు చేతులూ పెట్టి నిలబడి, చూడు, చచ్చానా అని అడిగాను. ఆయన నవ్వాడు. మళ్ళీ రాలేదు. ఇంకెవరూ కూడా రాలేదు.

పటేలు కుర్చీలను ట్రాలీ పంపి తెప్పించుకున్నాడు. ఇంకొక పెయింటరుతో మామూలు గన్నుతో వాటిమీద తెలుపు కొట్టించాడు. నలుపు గీకించాడా? లేదు. ఎవరు గీకుతారు అంత పని? మా తమ్ముడు పూసిన పూత మీదనే తెల్లరంగు వేయించి, బంగారు అంచు దిద్దించాడు. అశుభమైన నలుపు లోపల భద్రంగా ఉంది. ఈ సంగతి ఆ పెయింటరే మాకు చెప్పాడు. పూత చాలా బాగా పట్టిందని మెచ్చుకున్నాడు కూడా.

షెడ్డులో పని లేక తమ్ముడు రోజూ పోయి కంప్రెసరు తుడుచుకుని వచ్చేవాడు. తుడిచిందే తుడిచేవాడు. తర్వాత ఒకరోజు పాత కంపెనీ నుంచి ఫోను వచ్చిందని, వీసా పంపి వెంటనే రమ్మంటున్నారని చెప్పాడు. నేను బతిమాలాను. నాకు బతిమాలడం రాదు, అయినా బతిమాలాను. ఇంకొక ఊళ్ళో పెట్టుకుందాం, నిజామాబాదులో పెట్టుకుందాం అన్నాను.

"ఆడ గల్ఫుల నలుపు జూసి ఎవ్వలు ఏమనరక్కా" అన్నాడు.

పటేలు ఇంటి పెళ్ళికి ముందే వాడి ప్రయాణం. వాడు పోయేనాడు బిడ్డ బయటికి రానేలేదు. లోపలి గదిలో తలుపు వేసుకుంది. వాడు తలుపు మీద చెయ్యి పెట్టి కొంచెంసేపు నిలబడి, సంచి తీసుకుని బస్సెక్కాడు. మా మరదలు ఏడవలేదు. ఆమె బదులు నేనే ఏడ్చాను, ఏడ్చుకుంటూ కనబడ్డవాళ్ళందరినీ తిట్టాను.

పెళ్ళికి ఎందుకు పోయావని చాలామంది అడిగారు. పత్రిక వచ్చింది, పోయాను. కోపంతో పోయాను. ఆ కుర్చీలను చూడాలని పోయాను. చూశాను. స్టేజీ మీద దీపాల వెలుగులో పాలనురుగులాగా ఉన్నాయి. పెళ్ళికూతురు బంగారు బొమ్మలాగా కూర్చుంది, ఆమెకు ఏ షాకూ కొట్టలేదు. వియ్యంకుడు పక్కన నిలబడి పళ్ళు ఇకిలిస్తున్నాడు. కుర్చీలు ఎంత బాగున్నాయని ఆడవాళ్ళు అనుకుంటుంటే నా చెవుల్లో సీసం పోసినట్టుంది. భోజనం చేయకుండానే పోదామని లేచాను.

అంతలో అవ్వ నన్ను చూసింది. పట్టుచీర కట్టుకుని, చేతికర్ర ఊతంగా నా దగ్గరికి వచ్చి, పక్క కుర్చీలో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఆమె చేతికి ఇంకా నలుగు వాసన ఉంది.

"తినకుండ వోతున్నవేంది? నీ తమ్ముడు రాలేదా?" అంది.

"పోయిండవ్వా. మళ్ళ గల్ఫుకే పోయిండు."

"అయ్యో, ఎందుకు? ఈడ్నే మంచిగ షెడ్డు వెట్టుకున్నడు గద."

ఆమెకు నిజంగా తెలియదు. ఊరంతా నోళ్ళు నొప్పిపుట్టేదాకా చెప్పుకున్న మాట ఆమె దగ్గరికి మాత్రం ఎవరూ రానివ్వలేదు. చెప్పవద్దని పటేలు అన్నాడు. చెప్పవద్దని తమ్ముడూ అన్నాడు. తమ్ముడు ఇప్పుడు ఊళ్ళో లేడు. నేను చెప్పాను. గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది. క్లిప్పు ఎందుకు పెడతారో, దాని కింద పసుపు పడితే ఏమవుతుందో, మా తమ్ముడి చెయ్యి ఎట్లా ఎగిరిందో, ఊరు ఏమన్నదో, బిడ్డ తలుపు ఎట్లా వేసుకుందో అన్నీ చెప్పాను. స్టేజీ మీద నుంచి పటేలు మమ్మల్ని చూశాడు. మెట్లు దిగి జనాన్ని తప్పించుకుంటూ మా వైపే రావడం మొదలుపెట్టాడు.

అవ్వ ఆ కుర్చీల వైపు చూసింది. ఏ కాలు అని అడిగింది. ఎడమ పక్క వెనక కాలు అని చెప్పాను.

"నాకెవలన్న చెప్తే గా ఒక్క కాలు ఇడిచిపెట్టకపోదునా బిడ్డా?" అంది.

పటేలు వచ్చేశాడు. నా వైపు చూడకుండా తల్లి భుజం పట్టుకుని, ఫోటోకు పిలుస్తున్నారు లే అన్నాడు. ఆమె తలెత్తి కొడుకు ముఖంలోకి చూసింది.

"నీకెర్కేనా కొడుకా?"

పెళ్ళయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు పటేలు. స్టేజీ మీద నుంచి ఫోటో తీసేవాడు పిలుస్తూనే ఉన్నాడు, పెళ్ళికూతురు కూడా చెయ్యి ఊపింది. అవ్వ కొడుకు చేతిని భుజం మీద నుంచి తీసేసి, నా పక్కనే కూర్చుంది.